గుండ్లు ఏరితేనే భూమి అప్పగించినట్లు

కాశ్మీర్‌లోని బడ్గాం జిల్లా తోసా మైదాన్ అడవుల నడుమ ఉన్న విశాలమైన పచ్చిక బయలు. 1964 నుంచి యాభయ్యేళ్లపాటు సైన్యం అక్కడ ఫిరంగి కాల్పుల సాధన చేసింది. పేలకుండా మట్టిలో మిగిలిన గుండ్లకు అరవై మందికి పైగా బలయ్యారని పరిసర గ్రామాల వారు చెబుతున్నారు. ప్రజాందోళన ఫలితంగా 2014లో కౌలును పొడిగించలేదు. సైన్యం గాలించి గుండ్లను నిర్వీర్యం చేసింది. 2016లో పర్యాటకులను అనుమతించారు. అయినా పేలుళ్లు ఆగలేదు.

మంచు, వాన మట్టిని కదిలించినప్పుడల్లా లోతున దాగిన గుండు బయటపడుతుంది. ఒక్కసారి ఏరి చేతులు దులుపుకొంటే చాలదు. ఏటా మంచు కరిగాక తిరిగి గాలించాలి. దేశరక్షణకు సాధన అవసరమే. వాడుకున్న నేలను నిరపాయంగా అప్పగించడమూ ఆ బాధ్యతలో భాగమే. ఇకపై శుద్ధి వ్యయం, బాధితుల పరిహారం కౌలు పత్రంలోనే షరతులు కావాలి.