ఇంటి కంప్యూటరును ఇంటివారికి అనువుగా దిద్దుకుందాం





ఈ నెల ఒక సోదరి వ్రాసిన లేఖతో మొదలుపెడుతున్నాను. వారి ఇంట ఒకే కంప్యూటరు ఉన్నది. దానిని వాడేవారు అయిదుగురు. అత్తగారికి తెర మీది అక్షరాలు ఆనవు. భర్త బంధువులకు ఉర్దూలో ఉత్తరాలు వ్రాయాలంటారు. ఈ సోదరి ఇంటి వద్దనే బట్టలు కుడుతూ, ఖాతాదారుల కొలతలనూ లెక్కలనూ తెలుగులో అందులోనే దాచుకుంటారు. పదో తరగతి కుమారుడు, అయిదో తరగతి కుమార్తె పాఠాలకూ ఆటలకూ దానినే తెరుస్తారు. మొన్న చిన్నమ్మాయి తెరను శుభ్రం చేస్తున్నాననుకుని కొలతల ఫైలును చెత్తబుట్టలో వేసి, ఆ బుట్టను కూడా ఖాళీ చేసింది. పండుగ కుట్లు చేతిలో ఉండగా, ఖాతాదారులందరినీ పిలిచి మళ్ళీ కొలతలు తీసుకోవలసివచ్చింది. “పైగా యంత్రం నెమ్మదించింది. వేగం పెంచే ఉచిత ప్రోగ్రాము ఒకటి ఉన్నది, వేసుకుందామని మా అబ్బాయి అంటున్నాడు. వేసుకోమంటారా?” అని అడిగారు.

నా సమాధానం: వేసుకోవద్దు. మీ ఇంటికి కావలసిన మార్పులు దాదాపు అన్నీ కంప్యూటరును నడిపే విండోస్‌లోనే ఉన్నాయి. వాటికి రూపాయి ఖర్చు లేదు. కర్మాగారం నుండి వచ్చిన అమరిక ఎవరో ఒక్క మనిషిని ఊహించి చేసినది. మీ ఇంట అయిదుగురు ఉన్నారు కనుక దానిని అయిదుగురికీ తగినట్లు దిద్దుకోవాలి. కింద చెప్పిన పేర్లు విండోస్ 11లో కనిపించేవి. విండోస్ 10లో కొన్ని పేర్లు కొద్దిగా మారుతాయి, పద్ధతి అదే. విండోస్ మీటను, ఐ అక్షరాన్ని కలిపి నొక్కితే ‘సెట్టింగ్స్’ తెరుచుకుంటుంది. మన పని చాలావరకు అక్కడే.

మొదట తిరిగివచ్చే దారి

ఏ మార్పుకైనా ముందు వెనక్కు వచ్చే దారి వేసుకోవాలి. ఈ మాట నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం నేను కూడా వేగం పెంచుతానన్న ఒక ఉచిత ప్రోగ్రామును వేసుకున్నాను. అది అనవసరమైనవని చెప్పి వందలాది అంశాలను తొలగించింది. మరునాడు యంత్రం తెరుచుకోలేదు. మరమ్మతుకు తీసుకువెళితే ఫార్మాట్ చేసి ఇచ్చారు. విద్యార్థుల మార్కులు కాగితాల మీద ఉన్నందున తిరిగి ఎక్కించుకున్నాను. మా నాన్నగారి ఫోటోలు ఆ ఒక్క యంత్రంలోనే ఉండేవి. అవి మళ్ళీ దొరకలేదు. యంత్రం తెరుచుకోకపోయినా, లోపలి డిస్కు బాగుంటే దానిలోని ఫైళ్ళను వేరే కంప్యూటరుకు తగిలించి తీసుకోవచ్చునని నాకు అప్పుడు తెలియదు. ‘ముందు ఫైళ్ళు తీయండి, తరువాత ఫార్మాట్ చేయండి’ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీకు అటువంటి అవసరం వస్తే ఆ మాట తప్పక చెప్పండి.

స్టార్ట్ మీట నొక్కి ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని టైపు చేయండి. వచ్చిన పెట్టెలో సి డ్రైవ్ ఎదుట రక్షణ ‘ఆఫ్’ అని ఉంటే ‘కాన్ఫిగర్’ నొక్కి ఆన్ చేసి, ఆపై ‘క్రియేట్’ నొక్కి తేదీ పేరుగా వ్రాయండి. ఏదైనా మార్పు వికటిస్తే యంత్రం అమరికను ఆ రోజుకు తిరిగి తీసుకుపోవచ్చు. అయితే ఇది మీ ఫోటోలకూ, పత్రాలకూ రక్షణ కాదు. వాటిని పెన్‌డ్రైవ్‌లోనో విడి హార్డ్‌డిస్కులోనో నకలు తీసి బీరువాలో ఉంచాలి. కొలతల ఫైలుకు అలాంటి నకలు ఉండి ఉంటే ఆ సోదరికి ఇంత శ్రమ తప్పేది.

ఎవరి గది వారికి

ఇంట్లో ఒకరి గదిలోకి మరొకరు సలాం చెప్పి, అనుమతి తీసుకుని వెళతాము. కంప్యూటరులో మాత్రం అందరమూ ఒకే గదిలో సామాను పరుచుకుని, కలిసిపోయిందని బాధపడుతున్నాము. సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’, అందులో ‘అదర్ యూజర్స్’, ఆపై ‘యాడ్ అకౌంట్’ అనే చోట ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా తెరవవచ్చు. విండోస్ ఈ–మెయిల్ అడుగుతుంది. అవసరం లేదనుకుంటే, ఆ వ్యక్తి సైన్–ఇన్ వివరాలు తమ వద్ద లేవన్న వాక్యాన్ని ఎంచుకుని, తరువాతి పేజీలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా చేర్చే వాక్యాన్ని నొక్కండి. పేరు, పాస్‌వర్డ్, భద్రతా ప్రశ్నలకు జవాబులు ఇస్తే చాలు.

ఇప్పుడున్న మొదటి ఖాతా ‘అడ్మినిస్ట్రేటర్’, అనగా ఇంటి తాళపుచెవుల గుత్తి వంటిది. దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి తల్లిదండ్రులు ఇద్దరూ గుర్తుంచుకోండి. కొత్తగా తెరిచినవి ‘స్టాండర్డ్’ ఖాతాలు అవుతాయి. వాటి నుండి యంత్రం మొత్తాన్ని మార్చే ప్రోగ్రాము వేయబోతే పెద్దల పాస్‌వర్డ్ అడుగుతుంది. కుమారుడికి నచ్చిన ఉచిత ప్రోగ్రాము ఆ గడప వద్ద ఆగుతుంది. రోజువారీ పనికి పెద్దలు కూడా స్టాండర్డ్ ఖాతానే వాడటం మంచిది. పొరపాటు చేయి పెద్దలదైనా పిల్లలదైనా ఒకటే.

ఒక్కో ఖాతాకు వేరే డెస్క్‌టాప్, వేరే ఫోల్డర్లు, వేరే చెత్తబుట్ట ఉంటాయి. చిన్నమ్మాయి తన బుట్టను ఎన్నిసార్లు ఖాళీ చేసినా అమ్మ కొలతలకు భంగం రాదు. అందరూ చూడవలసిన కుటుంబ ఫోటోల నకళ్ళను సి డ్రైవ్‌లోని ‘యూజర్స్’ లోపల ఉండే ‘పబ్లిక్’ ఫోల్డరులో ఉంచండి. లేచి వెళ్ళేటప్పుడు విండోస్ మీటతో ఎల్ అక్షరాన్ని నొక్కే అలవాటును అందరికీ నేర్పండి. తెరకు తాళం పడుతుంది.

పిల్లల ఖాతాలో ఏమున్నదో అడ్మినిస్ట్రేటర్ ఖాతా నుండి తల్లిదండ్రులు చూడగలరు. చూస్తామని ముందే చెప్పి చూడండి. చాటుగా చూస్తే పిల్లలు నేర్చుకునేది దాచిపెట్టడమే.

దాదీ కళ్ళకు తగినట్లు

ప్రతి ఖాతాకు అమరిక వేరు గనుక, దాదీ తెర మీద అక్షరాలు పెద్దవిగా, మనుమడి తెర మీద మామూలుగా ఉండవచ్చు. ఆమె ఖాతాలోకి వెళ్ళి, సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’, ‘టెక్స్ట్ సైజ్’ తెరవండి. అక్కడి గీతను జరిపితే అక్షరాలు 225 శాతం వరకు పెరుగుతాయి. బొమ్మలు, గుర్తులు కూడా పెరగాలంటే ‘సిస్టమ్’, ‘డిస్‌ప్లే’లో ‘స్కేల్’ను 125 లేదా 150 చేయండి. ‘మౌస్ పాయింటర్’ అనే చోట బాణం గుర్తును పెద్దదిగా, పసుపు వంటి స్పష్టమైన రంగులో పెట్టవచ్చు. వృద్ధులు చాలామంది అక్షరాలను కాదు, ఆ బాణాన్నే పోగొట్టుకుని విసుగుచెందుతారు.

ఏదైనా ఒక్కచోట పెద్దది చేసి చూడాలంటే విండోస్ మీటతో ప్లస్ గుర్తు నొక్కితే భూతద్దం వస్తుంది. విండోస్ మీటతో ఎస్కేప్ నొక్కితే పోతుంది. రాత్రివేళ తెర తెల్లగా గుచ్చుతున్నదనేవారికి ‘డిస్‌ప్లే’లోనే ‘నైట్ లైట్’ ఉన్నది. తెర వెచ్చని రంగుకు మారుతుంది. వేళలు కూడా నిర్ణయించవచ్చు.

తెలుగు, ఉర్దూ, అరబీ

మన ఇళ్ళలో ఇది ముఖ్యమైన మార్పు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’, ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ ద్వారా తెలుగు, ఉర్దూ, అరబీలను చేర్చండి. చేర్చేటప్పుడు దానిని విండోస్ ప్రదర్శన భాషగా మార్చే గడిలో టిక్కు లేకుండా చూసుకోండి. లేకుంటే మెనూలన్నీ మారిపోయి ఇంటివారు కంగారుపడతారు. ఆపై విండోస్ మీటతో స్పేస్ నొక్కినప్పుడల్లా కీబోర్డు ఒక భాష నుండి మరొకదానికి మారుతుంది.

తెలుగుకు రెండు కీబోర్డులు ఉన్నాయి. ‘తెలుగు’ అని ఉండేది భారతీయ లిపులకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్. దీనిలో అచ్చు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. కె మీద ‘క’, ఎల్ మీద ‘త’, జె మీద ‘ర’, డి మీద పొల్లు. కొన్ని వారాల సాధన కావాలి, తరువాత చేయి పరుగెత్తుతుంది. ‘తెలుగు ఫొనెటిక్’ అనేది ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణను వ్రాస్తే తెలుగు ఇస్తుంది. 2019 మే నవీకరణతో ఇది విండోస్ 10లో చేరింది. పిల్లలకూ, అప్పుడప్పుడు మాత్రమే వ్రాసేవారికీ ఇది సులభం.

ఉర్దూ సోదరులకు రెండు సూచనలు. ఒకటి, నస్తాలీఖ్ అందం కావాలంటే ‘ఉర్దూ టైప్‌సెట్టింగ్’ అనే ఫాంటు కావాలి. భాషతోపాటు రాకపోతే, సెట్టింగ్స్‌లో ‘ఆప్షనల్ ఫీచర్స్’ వెదికి, ‘అరబిక్ స్క్రిప్ట్ సప్లిమెంటల్ ఫాంట్స్’ను చేర్చుకోండి. వరుస కుడి నుండి మొదలుకావాలంటే కుడివైపు కంట్రోల్, షిఫ్ట్ మీటలను కలిపి నొక్కండి.

రెండవది, చాలామందికి తెలియనిది. ఉర్దూను అరబీ కీబోర్డుతో వ్రాయకండి. ఉర్దూ ‘యే’, అరబీ ‘యా’ పదం మధ్యలో కంటికి ఒకేలా ఉన్నా, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు అక్షరాలు. ‘కాఫ్’ సంగతీ అంతే. అరబీ కీబోర్డుతో వ్రాసిన ఉర్దూ పేరును తరువాత ఉర్దూ కీబోర్డుతో వెదికితే చాలాచోట్ల దొరకదు. ఫైలు పోయిందని మనం బెంగపడతాము, అది కళ్ళెదుటే ఉంటుంది. కనుక ఏ భాషకు ఆ కీబోర్డునే వాడండి.

నెమ్మది తగ్గాలంటే

ఇక కుమారుడి ఫిర్యాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడింటినీ కలిపి నొక్కితే ‘టాస్క్ మేనేజర్’ వస్తుంది. అందులో ‘స్టార్టప్ యాప్స్’ చూడండి. యంత్రం తెరిచిన వెంటనే మనం పిలవకుండానే లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ అక్కడ కనిపిస్తాయి. రోజూ వాడనివాటిని ‘డిసేబుల్’ చేయండి. అవి చెరిగిపోవు, పిలిచినప్పుడు వస్తాయి. వైరస్ రక్షణకు సంబంధించినదానిని మాత్రం ముట్టకండి.

తరువాత ‘సిస్టమ్’, ‘స్టోరేజ్’లో ‘స్టోరేజ్ సెన్స్’ అనవసరపు తాత్కాలిక ఫైళ్ళను తీసివేస్తుంది. దానిని ఆన్ చేసేముందు ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరు గురించిన వరుసలో ‘నెవర్’ అని ఉన్నదో లేదో చూడండి. లేకుంటే మీరు దించుకుని అక్కడే వదిలేసిన హాల్‌టికెట్టు వంటివి గడువు దాటాక మాయమవుతాయి. ఇన్ని చేసినా నెమ్మదిగానే ఉంటే, పాత తిరిగే హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డి వేయించడం ఏ ప్రోగ్రాము కన్నా మేలైన మందు.

అన్నీ ఒకే రోజు మార్చకండి. ఒక మార్పు చేసి, రెండు రోజులు వాడి, తరువాతిది చేయండి. ఏది వికటించిందో అప్పుడే తెలుస్తుంది. చేసిన మార్పును, తేదీని ఒక నోటుపుస్తకంలో వ్రాసి కంప్యూటరు పక్కనే ఉంచండి. ఈ పనిని కుమారుడికే అప్పగించమని ఆ సోదరికి నా సలహా. ఉచిత ప్రోగ్రాము వద్దన్నామని చిన్నబుచ్చుకునే బదులు, దాదీ తెరను సరిచేసిన పెద్దమనిషి అవుతాడు.

విండోస్ 10కు సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు అర్హత లేని పాత యంత్రాలను పారవేయకుండా లినక్స్ మింట్‌తో ఎలా వాడుకోవచ్చునో, ఇన్షా అల్లాహ్, వచ్చే నెల ముచ్చటించుకుందాం. అంతవరకు మీ ఫోటోలకు ఒక నకలు తీసి బీరువాలో పెట్టండి. ఈ పుటను మూయగానే ఆ పని చేయండి.

వస్సలాం.