రాత్రంతా మేలుకునే తల్లికి హక్కులు లేవా?

డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ ప్రధానంగా మగపిల్లలకు వచ్చే కండరాల జబ్బు. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. మూడు నాలుగేళ్ళ వయసులో పిల్లవాడు తరచూ పడిపోతుంటాడు. చేతులు మోకాళ్ళమీద ఆనించుకుంటే తప్ప లేవలేడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి నడక పోతుంది. తర్వాత ఊపిరీ గుండే బలహీనపడతాయి. స్టెరాయిడ్ మందులు, రాత్రిపూట పెట్టే శ్వాసయంత్రం అందుబాటులో ఉన్నచోట ఇప్పుడు ఇరవై, ముప్ఫై ఏళ్ళు దాటి బతుకుతున్నారు. ఇది నిజంగా సంతోషించాల్సిన సంగతి. అయితే పెరిగిన ఆ ఆయుష్షు ఎవరి రెక్కల కష్టం మీద నిలబడిందన్న ప్రశ్న మాత్రం స్త్రీల సంఘాలుగా మనం కూడా గట్టిగా వేయలేదు.

నడక పోయిన పిల్లవాడిని మంచం దించాలి, స్నానం చేయించాలి, బట్టలు వేయాలి, దొడ్డికి తీసుకెళ్ళాలి. నిద్రలో తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేడు కనుక రాత్రి పదేపదే లేచి తిప్పాలి. ఏడేళ్ళవాణ్ణి ఎత్తిన నడుమే పదిహేనేళ్ళవాణ్ణీ ఎత్తాలి. నేను మాట్లాడిన తల్లుల్లో నడుంనొప్పి లేనివారు అరుదు. తమకు జ్వరమొచ్చినా సెలవు లేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ వయసులో ఇంట్లోవాళ్ళ సంరక్షణ చూసే స్త్రీలు 41 శాతం, పురుషులు 21.4 శాతం. ఆ పనికి స్త్రీలు రోజుకు దాదాపు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇవి అన్ని రకాల కుటుంబాలకూ కలిపి వేసిన సగటు లెక్కలు. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి పనికి గడియారం చాలదు.

శ్రమతోపాటు నింద కూడా ఆమెదే. ఈ జబ్బుకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాదాపు మూడింట రెండు వంతుల కేసుల్లో తల్లి నుంచే సంక్రమిస్తుంది. ఆ ఒక్క ముక్క చాలు, అత్తింట్లో ‘మీ వైపు జబ్బు’ అనడానికి. మిగిలిన మూడో వంతులో జన్యులోపం బిడ్డలో కొత్తగా ఏర్పడుతుందనీ, మొదటి సందర్భంలోనూ ఎవరి తప్పూ లేదనీ చెప్పేవాళ్ళు ఉండరు. అంతకంటే అన్యాయం మరొకటుంది. జన్యువు మోసే స్త్రీకి తన గుండె కండరం కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఆమెకూ క్రమం తప్పకుండా గుండె పరీక్షలు చేయాలి. బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగే ఆమె గుండెను పరీక్షించాలన్న ఆలోచన ఎందరికి వస్తోంది?

పరిశోధకులు దీన్నంతా ‘సంరక్షకుల భారం’ అని పిలిచి, ప్రశ్నావళులతో కొలుస్తారు. ఒక సామాజిక శాస్త్రవేత్తగా నాకు ఆ మాటతో పేచీ ఉంది. కొలిచేది తల్లి మనసులోని ఒత్తిడిని. వదిలేసేది పనిని పంచుకోని తండ్రినీ, ర్యాంపు కట్టని బడినీ, సహాయకుల్ని ఇవ్వని ప్రభుత్వాన్నీ. పైగా ఆ మాట బిడ్డనే భారంగా మారుస్తుంది. ఈ పిల్లలు తమ జీవితం గురించి చెప్పేది వింటే, పెద్దలు ఊహించినంత నిరాశ అందులో తరచుగా కనిపించదు. వాళ్ళకు కావలసింది బడి, స్నేహితులు, చక్రాల కుర్చీ పట్టే తలుపులు. తల్లి హక్కుకూ బిడ్డ హక్కుకూ పోటీ పెట్టేది వసతుల లేమి మాత్రమే.

2016 వికలాంగుల హక్కుల చట్టం మస్క్యులర్ డిస్ట్రఫీని 21 రకాల వైకల్యాల్లో చేర్చింది. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. కానీ దానికి ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న మెలిక పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర మస్క్యులర్ డిస్ట్రఫీ రోగుల పింఛనును 2024లో నెలకు 15,000 రూపాయలకు పెంచింది. తెలంగాణ వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలు చేసింది. ఇవి రోగికి చెందాల్సిన డబ్బులు. వాటిలోంచే తల్లి కూలి కూడా ముట్టినట్టు భావించడం సరికాదు. కేరళ ఆశ్వాసకిరణం పథకం నెలకు 600 రూపాయలతోనైనా సంరక్షకుల పేరున విడిగా భత్యం ఇస్తుంది. ఆ మొత్తం చాలా తక్కువ. అయినా అందులో ఒక గుర్తింపు ఉంది.

మనం అడగాల్సినవి స్పష్టమే. సంరక్షకురాలి పేరున, ఆమె ఖాతాలో విడిగా భత్యం. నెలకు కొన్ని రోజులైనా ఆమెకు విశ్రాంతి దొరికేలా శిక్షణ పొందిన సహాయకులు. బిడ్డ వైద్యంతోపాటే తల్లికి గుండె, నడుం పరీక్షలు. ఆడపడుచుల చదువు మాన్పించి ఈ పనిలో పెట్టకుండా చూసే బాధ్యత. గ్రామాల్లో, బస్తీల్లో పనిచేసే మిత్రులు మీ సర్వేల్లో ఒక్క ప్రశ్న చేర్చండి: ఈ ఇంట్లో రాత్రి ఎవరు లేస్తున్నారు? మాతృత్వాన్ని పొగిడే సమాజానికి ఆ జవాబులు చూపించి, అప్పుడు లెక్క అడుగుదాం.