బ్రేకులు లేని బండి

మా జీడిమెట్లలో కారఖానాలకు కొదువ లేదు. వాటి నీడన మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్లకూ కొదువ లేదు. మొన్న ఆదివారం అలాంటి ఒక షెడ్డులో మా పొరుగాయన కనిపించారు. తండ్రిగారి నాటి జావా బండిని విప్పించి, దిగులుగా కూర్చున్నారు. దిగులు బండి గురించి కాదు.

“సార్, మావోడు ఇంటర్ల ర్యాంకు కొట్టిండు. ఇప్పుడు డిగ్రీల వెనకబడ్డడు. ఇగ వాని పని అయిపోయినట్టేనా?”

ఏం చెప్పను? ఎదురుగా ఉన్న బండే మాట అందించింది. జావా పుట్టిల్లు చెక్ దేశం. 1961 నుంచి మన మైసూరులోనూ తయారై, ఊరూరా తిరిగింది. ఆ దేశంలోనే దివిషోవ్ అనే ఊళ్ళో, స్పీడ్‌వే పందేలకని వేరే రకం బళ్ళు చేశారు. 500 సి.సి. ఇంజను, ఒక్కటే గేరు, పెట్రోలుకు బదులు మెథనాలు. చిత్రమేమిటంటే, బ్రేకులుండవు! నలుగురు రౌతులు మట్టిబాట మీద నాలుగు చుట్లు తిరగాలి. అంతా ఇంచుమించు ఒక్క నిమిషం పని. బండి ఎడమకు తిరగాలంటే హ్యాండిలు కుడికి తిప్పి, వెనక చక్రాన్ని జారనిస్తూ, ఇనుప తొడుగున్న ఎడమకాలు నేలకు రాస్తూ పోవాలి. మొదటివాడికి మూడు పాయింట్లు, చివరివాడికి సున్న.

ఆ దేశపు రౌతుల్లో ఆంతొనీన్ కాస్పర్ ఒకడు. 1962లో పుట్టాడు. తండ్రిదీ అదే పేరు, అదే పందెం. కొడుకు 1982లో, ఇరవయ్యేళ్ళు నిండకముందే, 21 ఏళ్ళలోపు వారి ఐరోపా పోటీలో విజేత అయ్యాడు. ఇక ప్రపంచ కిరీటం రేపో మాపో అని ఎవరైనా అనుకుంటారు. అది రానేలేదు. ఆయనకే కాదు, ఇంతవరకూ ఏ చెక్ రౌతుకూ రాలేదు. అయినా కాస్పర్ బండి దిగిపోలేదు. బ్రిటన్‌కు వెళ్ళి అక్కడి లీగులో పోటీ చేశాడు. ఏళ్ళతరబడి ఆ సున్నాలనూ మూళ్ళనూ కలిపి లెక్క పెట్టుకుంటూ, అదే వృత్తిగా బతికాడు. 2006 డిసెంబరులో, నలభైనాలుగు నిండడానికి ఒక్కరోజు ముందు, కాన్సరుతో కన్నుమూశాడు.

పందొమ్మిదో ఏట గెలిచినవాడు ఆపైన ప్రపంచాన్ని గెలవకపోతే ఆ బతుకు ఓడిపోయినట్టా? నాకలా తోచదు.

పొరుగాయన అంతా విని, లోకజ్ఞానం తెలిసిన ప్రశ్న వేశారు: “బ్రేకు లేకుంటే బండి ఎట్ల ఆగుతది సార్?”

“యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనే పట్టి నెమ్మదింపజేస్తుందండీ.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, “మా ఇంట్ల యాక్సిలరేటరు నా చేతిలనే ఉన్నట్టుంది,” అన్నారు.

సాయంత్రం గుమ్మంలోంచి చూస్తే, తండ్రి వెనక కూర్చున్నారు. జావా కొడుకు నడుపుతున్నాడు.