నేర్పరి సిపాయికి తొలి మెట్టు

సైన్యమనగానే తుపాకి పట్టి సరిహద్దున నిలిచినవాడే మన కన్నులకు గట్టును. వాని వెనుక నిలిచిన వేఱొకనిని తలచువారరుదు. ఫిరంగి నీడ్చు బండి యంత్రమును, శత్రు విమానమును ముందుగ కనిపెట్టెడు రాడారును, జలాంతర్గామిలోని విద్యుద్యంత్రములను కంటికి రెప్పవలె కాచువాడు వాడే. వాడును సిపాయియే, కాని చేతిపని నేర్చిన సిపాయి. ఐ.టి.ఐ.లో రెండేండ్లో, పాలిటెక్నిక్కులో మూడేండ్లో గడపి, తండ్రి సొమ్ము వ్యయపఱచి, కొంత విద్యను చేతబట్టుకొనియే సైన్యపు గుమ్మము త్రొక్కువాడు. ఇట్టి బాలుని మన ప్రభుత్వము ఏ మెట్టున నిలుపుచున్నది? ఏ జీతముతో ఆరంభింపజేయుచున్నది? ఈ ప్రశ్న కచేరీలలోని గుమాస్తాల లెక్కగ పలువురకు దోచవచ్చును. మాకట్లు దోపలేదు.

2022వ సంవత్సరమునకు పూర్వపు ఏర్పాటును మొదట చెప్పుదుము. వాయుసేనలో జేరిన బాలునకు శిక్షణ కాలమున నెలకు 14,600 రూపాయల భత్యము. శిక్షణ ముగిసిన పిమ్మట సాంకేతిక శాఖలగు ‘ఎక్సు’ వర్గమువారికి 33,100 రూపాయలు. తక్కిన ‘వై’ వర్గమువారికి 26,900. దానిపై కరువు భత్యము వేఱు. ఈ రెండు మొత్తములకు నడుమ భేదము 6,200 రూపాయలు. పాఠకులీ అంకెను జ్ఞాపకముంచుకొన గోరెదము. ధైర్యము ఇరువురకు సమానమనియు, ఒకనికి విద్య అధికముగ గలదనియు గుర్తించి, ఆ విద్యకు ప్రభుత్వమువారు కట్టిన వెల యిది. నౌకాదళమునందలి ఆర్టిఫిసరు అప్రెంటిసులకును ఎక్సు వర్గ వేతనము వేఱుగ నుండెను. వెల చాలునా చాలదా యనునది వేఱు మాట. వెల యనునదొకటి యుండెను.

2022 జూను 14వ తేదీన అగ్నిపథ పథకము ప్రకటింపబడెను. నాలుగేండ్ల కొలువు. మొదటి యేట నెలకు 30,000, రెండవ యేట 33,000, మూడవ యేట 36,500, నాలుగవ యేట 40,000 రూపాయలు. ఇందు నూటికి ముప్పది వంతున పట్టియుంచి సేవానిధిలో జమకట్టుదురు. ప్రభుత్వమును అంతే సొమ్ము జేర్చును. కాబట్టి తొలియేట చేతికి వచ్చునది 21,000. నాలుగేండ్లు నిండిన దినమున వడ్డీతో గూడ 11.71 లక్షల రూపాయలు చేతబెట్టి పంపుదురు. ఆదాయపు పన్ను లేదు. కరువు భత్యమును, సైనిక సేవా వేతనమును, పింఛనును, గ్రాట్యుటీయు లేవు. నూటికి ఇరువది యైదుగురి వఱకు స్థిరపు కొలువులోనికి దీసికొందురు. తక్కినవారు ఇంటికి బోవలసినదే.

న్యాయము దప్పి వ్రాయుట మా పద్ధతి కాదు. శిక్షణలోనున్న బాలుని మాట మాత్రమే చూచిన యెడల, వెనుకటి 14,600 కంటె ఇప్పటి 21,000 మేలే. నాలుగేండ్ల రొక్కమును సేవానిధితో గూడ కూడినను, అగ్నివీరుడు వెనుకటివానికంటె తక్కువ బడసినవాడు కాడు. పథకమును సమర్థించువారు ఈ లెక్కను ముందుబెట్టుట సబబే. ఖండించువారిలో కొందఱు దీనిని దాచుట సబబు కాదు.

మా తగాదా మొత్తముతో కాదు. ఆ 6,200 రూపాయల మాట ఏమైనదని మేమడుగుచున్నాము. పదాతి సైన్యమున సామాన్య విధికి జేరిన అగ్నివీరునకు ముప్పదివేలు. సాంకేతిక శాఖకు జేరినవానికి ముప్పదివేలు. ఎనిమిదవ తరగతి చదివి వంటశాలలోనో గృహపరిచర్యలోనో కుదిరిన ట్రేడ్సుమనుకును ముప్పదివేలే. వాయుసేనలో మూడేండ్ల డిప్లొమా సంపాదించిన బాలుడును, విజ్ఞాన శాస్త్రముల పొంత లేకుండ చదివిన బాలుడును ఒకే మొత్తము దీసికొందురు. వంటవానిని చిన్నచూపు చూచుట మా యుద్దేశము కాదు. ఆకలిగొన్న సైన్యము అడుగు వేయదు. వానికిచ్చునది తగ్గింపుమని మేమనుట లేదు. కాని ప్రవేశ పరీక్షలో ఐ.టి.ఐ. పట్టమునకు అదనపు మార్కులిచ్చి, విద్యగలవానిని ఏరి తెచ్చుకొని, జీతపు పట్టికలో ఆ విద్యను సున్నగ లెక్కించుట ఏ న్యాయము? సంతలో గొడ్డును కొనువాడు పండ్లు చూచి, నడక చూచి, సుళ్లు చూచి, తుదకు అన్నిటికి నొకే వెల యన్నచో అమ్మువాడూరకుండునా!

మెట్టు సంగతి మఱియు వింతగ నున్నది. సైన్యమున మతాచార్యునిగ జేరువానికి మొదటి దినముననే నాయబు సుబేదారు పదవి. విద్యాశాఖలో ఉపాధ్యాయునిగ కుదురువానికి హవల్దారు పదవి. వీరు చదివివచ్చిన చదువును మన్నించి మెట్లు దాటింపజేయుచున్నారన్న మాట. మంచిదే. ఈ సూత్రము సైన్యమునకు తెలియనిది కాదనియు, అలవాటు లేనిది కాదనియు దీనివలన ఋజువగుచున్నది. శ్లోకము చెప్పగలవానికి, అక్షరము చెప్పగలవానికి వర్తించు సూత్రము ఇంజను విప్పి బిగింపగలవానికి ఏల వర్తింపదు? వాడు మునుపు సిపాయిగ ఆరంభించెడువాడు. ఇప్పుడు వానిది ఏ పాత మెట్టునకు జెందని, అన్నిటికి వేఱైన అగ్నివీర హోదా. వాడు చూపించుకొనుటకు బిల్ల వేఱు. ఆ బిల్లలో వాని పనితనము జాడ యేమియు లేదు.

ఇతర దేశములలో నీ విషయము నెట్లు జూచుచున్నారో యొక్క ఉదాహరణము చాలును. అమెరికా నౌకాదళమున అణుయంత్ర శాఖకు జేరువానిని క్రింది మొదటి మెట్టున గాక మూడవ మెట్టుననే (వారి లెక్కలో ‘ఇ–3’) చేర్చుకొందురు. తొలి సాంకేతిక పాఠశాలలో కృతార్థుడైనంతనే నాలుగవ మెట్టు. దానికి బదులుగ వానివద్ద ఆఱేండ్ల సేవకు మాట దీసికొందురు. సైన్యమునకు దీర్ఘసేవ, బాలునకు మెట్టు: ఇచ్చిపుచ్చుకొనుట స్పష్టము. మన యేర్పాటులో నిది తలక్రిందులు. సాంకేతిక శిక్షణ ఇతర శిక్షణలకంటె దీర్ఘము. దాని వ్యయమును అధికము. ఆ కాలమంతయు నాలుగేండ్లలోనే గణింపబడును. చేయి తిరిగి, యంత్రపు మూలుగు విని రోగము చెప్పగల నేర్పు వచ్చునప్పటికి నలుగురిలో మువ్వురకు సెలవు! ఖజానా సొమ్ముతో మొక్కను పెంచి, పూత పట్టిన యేట పెఱికివేయు తోటమాలిని ఎచ్చటనైన గంటిమా?

ఈ విషయమున చరిత్ర మనకు చెప్పిన పాఠమొకటి గలదు. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో నావికుల సమ్మె మొదలైనది ‘తల్వార్’ అను స్థావరమున. అది యుద్ధనౌక కాదు. వార్తాసంకేతములు నేర్పు సాంకేతిక పాఠశాల. అచ్చటివారు చదువుకొన్న బాలురు. వారి కోర్కెలలో మంచి తిండి, మర్యాదగల మాట, ఆంగ్ల నావికులతో సమానమైన జీతము ముఖ్యములు. కొలది దినములలో 78 ఓడలకు, 20,000 మంది నావికులకు ఆ సమ్మె ప్రాకెను. మన విశాఖపట్టణమును తాకెను. ఆ నెల చివర జబ్బల్పూరున లేచినవారును సిగ్నల్సు శిక్షణ కేంద్రమువారే. విద్యగలవారిని విద్యలేనివారివలె జూచిన చోటనే నిప్పు ముందుగ రాజుకొనుట కాకతాళీయము కాదని మా తలంపు. పిదప సర్ సయ్యద్ ఫజల్ అలీ అధ్యక్షతన కూర్చున్న విచారణ సంఘము ముందు, చేర్చుకొనునప్పుడు చెప్పిన మాటలొకటి, చేరిన తర్వాత కనబడినది వేఱొకటి యను ఫిర్యాదు బయటపడెను. నాటి ప్రభుత్వము పరాయిది. నేటిది మనది. కాబట్టి మనవారి నుండి హెచ్చు నిజాయితీని గోరుట తప్పా?

తెలుగునాటికీ విషయము దూరపు ముచ్చట కాదు. సైన్యపు యంత్రవిద్యకు పేరుగాంచిన మిలిటరీ కళాశాల సికిందరాబాదు చెంత తిరుమలగిరిలోనే యున్నది. జలాంతర్గామి విద్యను నేర్పు ‘శాతవాహన’ విశాఖపట్టణమున నున్నది. అదే సికిందరాబాదు రైలు స్టేషనులో 2022 జూను 17వ తేదీన సైన్యపు కొలువు గోరిన యువకులు రైళ్లకు నిప్పుబెట్టిరి. పోలీసు కాల్పులలో నొక బాలుడు మరణించెను. రైళ్లు తగులబెట్టుట మేము సమర్థింపము. అవి ప్రజల సొత్తు. అయినను రెండేండ్లుగ వ్రాత పరీక్షకై కాచుకొని యుండగా నిబంధనలన్నియు నొక్క దినమున మాఱిపోయినవని వినిన బాలుని మనోవ్యథ నెఱుగనివాడు, ఆ నిప్పునకు కారణమును గూడ నెఱుగజాలడు.

న్యాయస్థానముల తీర్పు వచ్చినది గదా యని కొందఱందురు. వచ్చినది. 2023 ఫిబ్రవరి 27న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము పథకము చెల్లుననెను. ఏప్రిలు 10న సుప్రీము కోర్టు దానిపై వచ్చిన అప్పీళ్లను త్రోసివైచెను. వృత్తిరీత్యా తీర్పులను శిరసావహించువారమే మేము. అయితే చెల్లుబాటు వేఱు, ఔచిత్యము వేఱు. సమానమైన పనికి సమానమైన జీతమను సూత్రమును 1982లో రణధీర్ సింగు వ్యాజ్యమున సుప్రీము కోర్టే రాజ్యాంగమునుండి తీసి చూపినది. ఆ సూత్రమునకు రెండవ ప్రక్క గలదు: పని సమానము కానప్పుడు, నేర్పు అధికమైనప్పుడు, జీతమును అందఱకు నొకటిగ కట్టుటయు అసమానతయే. దీనిని నిర్ణయించుచోటు కోర్టు కాదు, పార్లమెంటు.

మేము కోరునది మితము. సాంకేతిక శిక్షణ ముగిసి పరీక్ష దేలిన దినమునుండి ఆ బాలునకు విద్యావేతనము వేఱుగ నీయవలయును. మొత్తము ఎంతయనునది వేతన సంఘము తేల్చుకొనును గాక. భుజముననో చేతిపైననో వాని పనితనమును జూపు గుర్తును, దానికి దగిన మెట్టును ఒసగవలయును. శిక్షణలో గడచిన మాసములను నాలుగేండ్లలోనుండి తీసివేయవలయును. స్థిరపు కొలువున నిలుపుకొనువారి పాలు సాంకేతిక శాఖలలో హెచ్చవలయును. వెడలిపోవువానికి ఇందిరాగాంధి సార్వత్రిక విశ్వవిద్యాలయము పట్టముతో ముడిపెట్టిన ఏర్పాటు 2022లో ప్రకటింపబడినది, అది మంచిదే. కాని కర్మాగారపు ద్వారపాలకుడు అడుగునది పట్టమును గాదు, ఏ యంత్రముపై ఎన్నేండ్లు పనిచేసితివని. ఆ మాట స్పష్టముగ దెల్పు పత్రమును సైన్యమే వ్రాసి యీయవలయును.

ఈ లోపల మన పఠన మందిరముల వారికొక మనవి. ఈ కొలువు నిబంధనలు ఇంగ్లీషులోను హిందీలోను అచ్చయి వచ్చుచున్నవి. ఊరనున్న యొక వకీలునో ఉపాధ్యాయునో పిలిచి, జీతము, పట్టుబడి, సేవానిధి, గడువు, ఇరువది యైదు వంతుల షరతు—వీనిని తేట తెలుగున వ్రాయించి గోడకంటింపుడు. చేరగోరు బాలుడు దానిని తండ్రితో గూడ చదివిన తర్వాత సంతకము చేయును.