అరిగిన మోకాలికి కంప్యూటరు కొలత

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. బడిలో పాఠాలు చెబుతాను. నాలుగేళ్ళుగా కుడి మోకాలికి లోపలివైపున ఒకటే నొప్పి. మొదటినుంచీ నావి కాస్త దొడ్డికాళ్ళే. మోకాలి చిప్ప మార్చే వయస్సు ఇంకా రాలేదనీ, ఎముక కోసి కాలు తిన్నగా చేసే ఆపరేషను కంప్యూటరు సాయంతో చేయించుకోవచ్చుననీ డాక్టరుగారన్నారు. మావారు మాత్రం, "మనిషి కాలు యంత్రం చేతికిస్తామా?" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి భయం తీరుస్తాను. ఈ ఆపరేషనులో యంత్రం కొయ్యదమ్మా. కోసేది డాక్టరుగారి చెయ్యే. కంప్యూటరు చేసేది కొలవడం మాత్రమే. అయితే ఈ ఆపరేషనులో ఆ కొలతే ముఖ్యం.

తుంటి కీలు నడిమినుంచి చీలమండ నడిమికి ఒక దారం లాగి పట్టుకున్నారనుకోండి. చక్కని కాలులో ఆ దారం ఇంచుమించు మోకాలి మధ్యగా పోతుంది. దొడ్డికాలులో లోపలివైపుకు తప్పుకుంటుంది. అంటే ఒంటి బరువులో ఎక్కువ భాగం మోకాలి లోపలి సగం మీదనే పడుతున్నదన్నమాట. బస్తాలన్నీ ఒక పక్కకే వేసిన బండికి ఆ పక్క చక్రమే ముందు అరగదూ? ఇదీ అంతే. ఎముకల చివళ్ళ మీది మెత్తని పొర లోపలివైపున అరుగుతుంది. అరిగినకొద్దీ కాలు ఇంకా వంగుతుంది. వంగినకొద్దీ ఇంకా అరుగుతుంది.

కాబట్టి బరువును అరగని సగం మీదికి మళ్ళించాలి. మోకాలికి కొంచెం దిగువన పెద్ద ఎముకను లోపలివైపునుంచి కోస్తారు. పూర్తిగా తెగనివ్వరు. బయటి అంచును తలుపు బందులాగా మిగిల్చి, కోసినచోట మెల్లగా తెరుస్తారు. పుచ్చకాయ ముక్క ఆకారంలో సందు ఏర్పడి కాలు తిన్నబడుతుంది. లోహపు పట్టీ, మరలు బిగిస్తారు. కొన్ని నెలల్లో ఆ సందు ఎముకతో పూడుకుంటుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. ఇంగ్లండులో జాక్సన్, వా అనే డాక్టర్లు 1961లోనే దీనిని గురించి వ్రాశారు. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు కవెంట్రీ 1965లో తన అనుభవం ప్రకటించారు. ఆయన సందు తెరవడానికి బదులు బయటివైపున ఎముక ముక్క తీసివేసేవారు. గీత ఎక్కడ పడితే మంచిదో 1979లో జపాను డాక్టరు ఫుజిసావా చూపించారు. మోకాలి వెడల్పును లోపలి అంచునుంచి 100 పాళ్ళు చేస్తే ఇంచుమించు 62వ పాలు దగ్గర, అంటే నడిమికి కాస్త బయటగా. ఇప్పుడు రోగినిబట్టి ఈ గురిని కొంచెం అటూ ఇటూ మారుస్తున్నారు.

చిక్కంతా ఇక్కడే. రెండు మూడు డిగ్రీలు తక్కువైతే నొప్పి తిరిగి వస్తుంది. ఎక్కువైతే బయటి సగం అరగడం మొదలై, మోకాళ్ళు రాసుకునేటట్లు కాలు లోపలికి వాలుతుంది. పాత పద్ధతిలో బల్లమీద పడుకున్న రోగి కాలిమీద తుంటినుంచి చీలమండదాకా కడ్డీయో తాడో పట్టి ఎక్స్‌రేలో చూసి అంచనా కట్టేవారు.

కంప్యూటరు పద్ధతిలో తొడ ఎముకకూ, మోకాలి దిగువ ఎముకకూ సన్నని కడ్డీలు గుచ్చి గుర్తులు అమరుస్తారు. కంటికి కనబడని పరారుణ కిరణాలతో ఒక కెమెరా వాటిని కనిపెడుతూ వుంటుంది. డాక్టరుగారు తొడను గుండ్రంగా తిప్పుతారు. తొడ తిరిగేది తుంటి గుండు చుట్టూనే గనుక, ఆ తిరిగిన తీరునుబట్టి కంప్యూటరు తుంటి నడిమిని లెక్క కడుతుంది. చీలమండ రెండు వైపులా వుండే బుడిపెలను ఒక పుల్లతో తాకి చూపిస్తారు. ఆ తరువాత సందు తెరుస్తున్నంతసేపూ కాలు ఎన్ని డిగ్రీలు తిరిగిందో తెరమీద కనబడుతూనే వుంటుంది. ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరంలో 1997లో మోకీలు మార్చే ఆపరేషనుకు ఇటువంటి కంప్యూటరును వాడారు. తరువాత ఈ ఎముక కోత ఆపరేషనుకూ అది వచ్చింది.

లాభమెంత? గురి తప్పే కాళ్ళు తగ్గుతున్నాయని పరిశీలనల్లో తేలింది. అయితే ఏళ్ళు గడిచాక నొప్పి మరింత తక్కువగా వుంటుందని ఇంకా రుజువు కాలేదు. పైగా ఆపరేషనుకు కొంత సమయం ఎక్కువ పడుతుంది. కడ్డీలు గుచ్చినచోట అరుదుగా చీము పట్టవచ్చు, ఎముక చిట్లవచ్చు. కనుక యంత్రాన్ని చూసి ఆసుపత్రిని ఎంచుకోకండి. ఈ ఆపరేషను తరచుగా చేసే డాక్టరును చూసి ఎంచుకోండి.

"చిప్ప మార్చడం" అని లోకులంటారు గాని, అందులో అరిగిన ఎముకల చివళ్ళు తీసి లోహపు తొడుగులు వేస్తారు. చిన్న వయస్సులో వేస్తే మళ్ళీ మార్చవలసి వచ్చే అవకాశం ఎక్కువ. మీ డాక్టరుగారు ఆగమన్నది అందుకే అయివుంటుంది. ఎముక కోత ఆపరేషను శాశ్వతమని మాత్రం అనుకోవద్దు. చాలామందికి పదేళ్ళదాకా పని చేస్తుంది. తరువాత కావాలంటే మోకీలు మార్పించుకోవచ్చు.

ఇది అందరికీ తగదు. ఒక్క లోపలి సగమే అరిగి, మోకాలు బాగా వంగుతూ, వయస్సు 60 లోపున వున్నవారికి మేలు. కీళ్ళన్నీ వాచే వాతపు జబ్బు వున్నవారికి పనికిరాదు. సిగరెట్లు, చుట్టలు కాల్చేవారికి ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది. ఆపరేషను తరువాత కొన్ని వారాలు చంకకర్రలు తప్పవు. బడికి సెలవు, ఇంట్లో వంటా, మెట్లూ ముందే ఆలోచించుకోవాలి.

ప్రస్తుతానికి మీరు చేయవలసినవి: బరువు ఎక్కువైతే తగ్గించండి, తొడ కండరాలకు వ్యాయామం చేయండి. అది నాలుగైదు నెలలు శ్రద్ధగా చేసినా నొప్పి తగ్గకపోతే, నిలబడి తుంటినుంచి చీలమండదాకా ఎక్స్‌రే తీయించుకోండి. మోకాలి దగ్గర మాత్రమే తీసిన ఎక్స్‌రేలో కాలు వంకర పూర్తిగా తెలియదు. దానిని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీవారిని వెంటబెట్టుకు వెళ్ళండి. గీత ఎక్కడ పడుతున్నదో ఆయన కళ్ళారా చూస్తే, సగం సందేహం అక్కడే తీరుతుంది.