పార్కింగ్‌లో పని చేసుకోనివ్వండి, కాలువలో మాత్రం పోయనివ్వకండి

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

షోళింగనల్లూరులో మా అపార్టుమెంటు పార్కింగ్‌లో కొత్తగా నోటీసు అంటించారు: ఇక్కడ ఎవరూ బండి రిపేర్లు చేయకూడదట. నేల పాడవుతుంది, పిల్లలు తిరుగుతారు అన్నారు. కారణాలు నిజమే. పూర్తిగా నిషేధించడం మాత్రం సరికాదని మా అభిప్రాయం. మేమంటే, ఆదివారం పొద్దున్నే పానాలు పట్టుకుని కూర్చునే నాలుగైదు తెలుగు కుటుంబాల వాళ్ళం.

కూలెంట్ ట్యాంకు సంగతే చూడండి. బానెట్ ఎత్తితే ఒక పక్కన కనిపించే ప్లాస్టిక్ డబ్బా అది. ఇంజను వేడికి కూలెంట్ వ్యాకోచిస్తే ఎక్కువైనది ఇందులో చేరుతుంది, చల్లారాక వెనక్కి వెళుతుంది. ఏళ్ళ తరబడి కాగి చల్లారి ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. అతుకు దగ్గర వెంట్రుకంత బీట పడుతుంది. చాలాసార్లు బండి చల్లగా ఉన్నప్పుడు చుక్క కూడా కారదు, వేడెక్కాకే కారుతుంది. అందుకే ఎవరి కంటా పడదు. డబ్బా చుట్టూ ఎండిన రంగు మరకలుంటే అదే గుర్తు.

దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది? కత్తిరి ఎండల్లో, ఏసీ వేసుకుని, ఓఎంఆర్ మీద మెట్రో పనుల మధ్య బండి నిలబడిపోతుంది. లేదా సంక్రాంతికి ఊరెళ్తుంటే నెల్లూరు దాటాక, పిల్లాపాపలతో రోడ్డు పక్కన. అప్పటికీ ఆపకుండా నడిపితే హెడ్ గాస్కెట్ పోతుంది. డబ్బా మార్చుకుంటే తీరే పని ఇంజను విప్పేదాకా వస్తుంది.

మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. చాలా కార్లలో రెండు మూడు గొట్టాలు, ఒకటి రెండు బోల్టులు, కొన్నిటిలో సెన్సరు వైరు, అంతే. అయితే కొన్ని నియమాలు తప్పవు. ఇంజను పూర్తిగా చల్లారాలి, రాత్రంతా ఆగితే మంచిది. వేడి మీద మూత తిప్పితే మరిగే కూలెంట్ మొహాన చిమ్ముతుంది. పాతది క్యానులోకి తోడాకే గొట్టాలు ఊడదీయాలి. కూలెంట్‌ను రంగు చూసి కొనకండి, మీ బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే. మన బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు వద్దు. వాటిలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది, సున్నం రేడియేటర్‌లో పేరుకుంటుంది. మిన్, మ్యాక్స్ గీతల మధ్య నింపి, గాలి పోయేలా పుస్తకంలో చెప్పినట్టు ఇంజను నడిపి, మళ్ళీ చల్లారాక మట్టం చూడాలి. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతోందంటే మాత్రం అది మన చేతి పని కాదు, మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇక అసలు విషయం. పాత కూలెంట్‌లో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద వదిలేస్తే వీధి కుక్క నాకుతుంది, దాని కిడ్నీలు పోతాయి. చిన్న పిల్లలకూ అంతే ప్రమాదం. కాలువలో పోస్తే మన కంట పడకుండా పోతుందేమో గానీ, మాయం కాదు. మనకు ఒక పక్క పళ్ళికరణై చిత్తడి నేల. 2022లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఇంకో పక్క బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు మన ఆంధ్ర తీరం నుంచి సరుకు పడవలు మద్రాసుకి వచ్చిన దారి అది. ఇప్పుడు దాని నీళ్ళ రంగు చూస్తూనే ఉన్నాం. అందులో మన వంతు ఇంకో క్యాను ఎందుకు?

కాబట్టి కమిటీ పెద్దలకు మా మనవి ఇది. పని చేయొద్దనకండి, పద్ధతి పెట్టండి. పార్కింగ్‌లో ఒక మూల కేటాయించండి. కింద ట్రే తప్పనిసరి చేయండి. పని జరిగేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచాలి. పాత కూలెంట్‌ను మూత ఉన్న క్యానులో పోసి, తీసుకునే సర్వీసు షెడ్డులో అప్పగించాలి. ఒలికిస్తే శుభ్రం చేసే బాధ్యత ఒలికించినవాళ్ళదే. మాట తప్పినవాళ్ళకి మళ్ళీ అనుమతి ఇవ్వకండి, మేమే అడ్డు చెప్పం.

నిషేధిస్తే ఈ పనులు ఆగవు. చీకట్లో, గేటు బయట, కాలువ పక్కనే జరుగుతాయి. వచ్చే మీటింగ్‌లో ఈ మాటే అడుగుతాం. ఏకీభవించేవాళ్ళు రండి. ఏకీభవించనివాళ్ళు తప్పకుండా రండి, మీ అభ్యంతరం కూడా వినాలి కదా.