గ్రూపులో పరిచయం గట్టు మీదకు రావాలి

కృష్ణా డెల్టాలో రైతు పొద్దున్నే లేచి ముందు చేను చూస్తున్నాడో, ముందు ఫోను చూస్తున్నాడో చెప్పడం ఇవాళ కష్టం. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, కోత మిషనుకు గంటకు ఎంత అడుగుతున్నారు, ఏ ఊళ్లో మినుముకు పల్లాకు తెగులు కనిపించింది, మిల్లు దగ్గర తేమ ఎంత చూపిస్తున్నారు, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే తెలుస్తున్నాయి. ఊరికో గ్రూపు, కాలువకో గ్రూపు, ప్రకృతి సేద్యానికి ఒకటి, చేపల చెరువులకు ఒకటి. మన సంఘానికీ మండలానికొకటి ఉంది.

ఫోన్లు వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. అవనిగడ్డ రైతుకు కంకిపాడు రైతు పేరు తెలిసింది ఫోను వల్లే. ఇదివరకు పక్క మండలంలో ఏ పంట వేశారో తెలియాలంటే పెళ్లికో సంతకో వెళ్లాల్సి వచ్చేది. అయితే పరిచయం వేరు, బలం వేరు. ఫోనులో కలిసిన మనుషులు ఒకసారి గట్టు మీద కలిస్తేనే ఆ పరిచయం కష్టానికి అక్కరకొస్తుంది. ఆ రెండో అడుగు వేయించడం సంఘం పని అని నా అభిప్రాయం.

ఢిల్లీ రైతు ఉద్యమం ఈ విషయంలో మంచి పాఠం. 2021 జనవరి 28న గాజీపూర్ శిబిరాన్ని ఖాళీ చేయాలని అధికారులు ఒత్తిడి తెచ్చారు. కరెంటు, నీళ్లు ఆగిపోయాయి. రాకేశ్ టికాయత్ కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడిన వీడియో కొద్ది గంటల్లో పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెలన్నిటికీ చేరింది. చూసినవాళ్లు ‘అయ్యో పాపం’ అని మెసేజి పెట్టి పడుకోలేదు. ఆ రాత్రే ట్రాక్టర్లు కట్టుకుని, ఊళ్ల నుంచి నీళ్లు పట్టుకుని బయల్దేరారు. మర్నాడు ముజఫర్‌నగర్‌లో మహాపంచాయతీ జరిగింది. శిబిరం నిలబడింది. కబురు మోసింది ఫోనే, శిబిరాన్ని నిలబెట్టింది మాత్రం వచ్చిన మనుషులు.

అదే ఉద్యమంలో ఇంకో సంగతి. 2020 డిసెంబరు 20న రైతుల ‘కిసాన్ ఏక్తా మోర్చా’ ఫేస్‌బుక్ పేజీ కొన్ని గంటలు కనిపించకుండా పోయింది. జనవరి చివర్లో ఢిల్లీ సరిహద్దు శిబిరాల దగ్గర ఇంటర్నెట్ ఆపేశారు. అయినా ఉద్యమం ఆగలేదు. అప్పటికే ఒకే లంగరులో రొట్టెలు తిని, ఒకే ట్రాలీలో చలికి ముడుచుకుని పడుకున్న మనుషులు వాళ్లు. ఫోను పోయినంత మాత్రాన ఒకరికొకరు పోరు. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల కోసం ‘ట్రాలీ టైమ్స్’ అని పత్రిక అచ్చు వేసి చేతికిచ్చారు. 2021 నవంబరు 19న మూడు చట్టాలనూ వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించారు.

మనకూ ఇది కొత్త కాదు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. 1944లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన బెజవాడలోనే జరిగింది. ఉత్తరాల్లో, పత్రికల్లో పేర్లు మాత్రమే తెలిసినవాళ్లు అలాంటి చోట్ల ముఖాలు చూసుకున్నారు. అప్పుడు పోస్టు కార్డు చేసిన పని ఇప్పుడు ఫోను చేస్తోంది. నడిచి వెళ్లే పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

2024 సెప్టెంబరు వరద మనందరం చూశాం. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మేడల మీద చిక్కుకున్నవాళ్లు ఫోనులో ఛార్జింగు ఉన్నంతసేపూ లొకేషన్లు పంపుతూనే ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆ మెసేజులు చూసి అన్నం వండి పొట్లాలు కట్టారు, ట్రాక్టర్లు నీళ్లలోకి దించారు. ముక్కూ ముఖం తెలియని మనుషుల కోసం చేసిన పని అది. మరి నీళ్లు తీశాక ఆ గ్రూపులు ఏమయ్యాయి? చాలావరకు మూగబోయాయి. వెలగలేరు దగ్గర గండి పడితే కష్టం అక్కడితో ఆగదు, నందివాడ దాటి కొల్లేరు దాకా పోతుంది. ఆ దారి పొడవునా ఉన్న రైతులకు, నగరవాసులకు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంది. బుడమేరు ఆక్రమణల మీద, కట్టల మీద ఒక్కచోట కూర్చుని మాట్లాడింది ఎంతమంది? వచ్చే వానాకాలం లోపు ఆ గ్రూపులను తిరిగి పలకరించాలి.

ఇక నీళ్ల గొడవ. 13 లక్షల ఎకరాల ఆయకట్టులో ఎగువ రైతుకూ శివారు రైతుకూ పడదని పాత మాట. గ్రూపుల్లో అది ఇంకా ముదురుతోంది. ముఖం చూస్తే అనలేని మాట ఫోనులో అనేస్తున్నాం. రెండేళ్ల కిందట ఒక కాలువ గ్రూపులో అలాగే మాటామాటా పెరిగింది. ఎగువ రైతు “మీకు ఎన్ని నీళ్లు వదిలినా చాలవు” అన్నాడు. నాగాయలంక వైపు శివారు రైతు వాదన పెంచలేదు. “మాటలెందుకు అన్నయ్యా, ఒక్కసారి వచ్చి మా మడి చూడు” అన్నాడు. ఆయన నిజంగానే బండేసుకుని వచ్చాడు. నెర్రెలిచ్చిన నారుమడి చూశాడు, ఉప్పు తేలిన గట్లు చూశాడు. బోరు వేస్తే ఉప్పునీళ్లే కాబట్టి కాలువ తప్ప దిక్కు లేదని అక్కడ నిలబడి చూస్తే గాని అర్థం కాలేదన్నాడు. ఆ ఇంట్లోనే అన్నం తిన్నాడు. తిరిగి వెళ్లి తన ఊరి తూము దగ్గర కాలువకు అడ్డం వేసిన ఇసుక బస్తాలు తీయించాడు. మరుసటి ఏడు ఉప్పు తట్టుకునే వరి విత్తనం కావాలని శివారు రైతు అడిగితే ఈయనే వెతికి పంపాడు. ఇప్పుడు ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఒకరు వెళ్తున్నారు. వంతుల రోజు లస్కరు కంటే ముందు వీళ్లిద్దరే ఫోనులో మాట్లాడుకుంటారు. అందరి గొడవలూ ఒక్క భోజనంతో తీరవు. కాలువలో నీళ్లు చాలనప్పుడు, పూడిక తీయనప్పుడు తప్పు పక్క రైతుది కాదు. కానీ ఆ సంగతి ఇద్దరూ కలిసి అడగాలంటే ముందు వాళ్లిద్దరూ శత్రువులు కాకుండా ఉండాలి.

కౌలు రైతు సంగతి ఇంకా ముఖ్యం. డెల్టాలో పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. భూమి గలవాళ్ల పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. ఊరి గ్రూపులో వాళ్లూ ఉంటారు, గుడి తిరునాళ్ల ఫొటోలకు దండాలు పెడతారు. వాళ్ల పొలం దున్నే మనిషి కూడా అదే గ్రూపులో ఉంటాడు, నోరు మాత్రం విప్పడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందని భయం. ఆ చట్టంలో కౌలుదారుకు భూమి మీద హక్కు రాదు, పంట మీదే హక్కు. ఈ ముక్క గ్రూపులో వందసార్లు ఫార్వర్డ్ చేసినా నమ్మరు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చేలో నిలబడి, “బాబూ, తుపానుకు పంట పోతే పరిహారం నాకు రావాలంటే నీ సంతకం కావాలి” అని కౌలు రైతు ముఖాముఖి చెబితే వినే మనుషులు చాలామందే ఉన్నారు. ఆ మాట అనడానికి కౌలు రైతును ఒంటరిగా వదలకూడదు. సంఘం నుంచి ఇద్దరు పక్కన ఉండాలి.

గ్రూపుల చెడు కూడా చెప్పుకోవాలి. తెలిసిన మనిషే పెట్టాడని పేరూ ఊరూ లేని మందులు కొంటున్నాం. రైతు వేషంలో అమ్మకందారులు చేరుతున్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తడిసిన పనల ఫొటోలు వందల్లో తిరిగాయి. ఫొటో ఒక్కటే పంట నష్టం నమోదు చేయించదు, రంగు మారిన ధాన్యాన్ని కొనిపించదు. పదిమంది కలిసి వెళ్లి అడిగితేనే ఆ పని జరుగుతుంది. పైగా గ్రూపుల్లో ఉన్నది ఎవరు? మగవాళ్లు, ఫోను కొనగలిగినవాళ్లు. ఊడ్పులు, కలుపు, కోతలు చేసే ఆడవాళ్ల నంబర్లు అందులో ఎన్ని ఉన్నాయో మీ ఫోను తీసి ఒకసారి లెక్కపెట్టండి.

అందుకని నా సూచనలు ఇవి. ప్రతి గ్రూపూ పంటకు రెండుసార్లు, నాట్లకు ముందు ఒకసారి, కోతలకు ముందు ఒకసారి, ఎవరో ఒక సభ్యుడి పొలంలో కలవాలి. మీటింగు హాలు వద్దు, వేదిక వద్దు, దండలు వద్దు. ఒక కాలువ కింద ఎగువవాళ్లు ఏడాదికోసారి శివారుకు, శివారువాళ్లు ఒకసారి లాకుల దాకా వెళ్లి చూడాలి. ఎవరైనా కొత్త విత్తనమో మందో గొప్పదని పెడితే, గ్రూపులో ఒక్కరైనా ఆ చేనుకు వెళ్లి చూసేదాకా ఎవరూ కొనకూడదు. ఫోను లేనివాళ్లకు, చదవడం రానివాళ్లకు ముఖ్యమైన కబురు నోటితో చెప్పే బాధ్యత వీధికొకరు తీసుకోవాలి. సంక్రాంతి మూడు రోజుల్లో ఒక పూట భూయజమానులు, కౌలు రైతులు కూర్చునే ఏర్పాటు గ్రామ శాఖ చేయాలి.

వీటిలో డబ్బు ఖర్చయ్యేది ఏదీ లేదు. పెట్రోలు, టీ ఖర్చు తప్ప. ఈ నెలలోనే మీ గ్రూపులో ఒక తేదీ, ఒక పొలం పేరు పెట్టండి. ఎవరు వచ్చారు, ఏం మాట్లాడుకున్నారు, ఏం తేలింది అన్నది నాలుగు ముక్కల్లో ఈ పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికలో వాటికే ముందు చోటివ్వమని సంపాదకులను అడుగుతాను.